విశ్వభాషాశిల్పి జామెన్‌హాఫ్

సహజ భాషను ఏ ఒక్కరూ సృష్టించరు. అది తరతరాల ప్రజల నాలుకపై పుట్టి, పెరిగి, రూపుదిద్దుకొంటుంది. కొత్త పదం పొలంలోనో, అంగడిలోనో, అమ్మ ఒడిలోనో పుడుతుంది. నలుగురి నోళ్లలో నలుగుతుంది. కవి కలానికి అందుతుంది. చివరకు నిఘంటుకారుడు దానికి తన గ్రంథంలో చోటిస్తాడు. లోకంలోని భాషలన్నీ నడచిన రాజమార్గం ఇదే. మరి ఒక మనిషి తన గదిలో కూర్చుండి, తన మేధాశక్తితో ఒక భాషను నిర్మిస్తే, అందులోకి కొత్త పదం ఏ దారిన వస్తుంది? దానికి నిఘంటువులో స్థానం కల్పించే అధికారం ఎవరిది? నిర్మాతదా? పండితసభదా? మాట్లాడే జనానిదా? ఈ ప్రశ్నకు తన జీవితాన్నే సమాధానంగా మలచిన మహనీయుడు డాక్టర్ లుడ్విక్ లాజర్ జామెన్‌హాఫ్. ఎస్పెరాంటో అనే అంతర్జాతీయ భాషకు ఆయన జన్మదాత. తాను కన్న భాషపై తన హక్కును తానే వదులుకొన్న త్యాగశీలి.

జామెన్‌హాఫ్ 1859 డిసెంబరు 15వ తేదీన బియాలిస్తోక్ పట్టణంలో ఒక యూదు కుటుంబంలో జన్మించాడు. నేడు పోలండు దేశంలో ఉన్న ఆ పట్టణం అప్పుడు రష్యా సామ్రాజ్యంలో భాగం. అక్కడ యూదులు, పోలిష్ ప్రజలు, రష్యన్లు, జర్మన్లు, బెలారుస్ ప్రజలు ఇరుగుపొరుగున నివసించేవారు. ఇల్లు దాటి వీధిలోకి వస్తే ఒక భాష, వీధి మలుపు తిరిగితే మరొక భాష. అన్ని భాషలు వినిపించే ఊరు కావడం ఒక భాగ్యమే. అయితే ఆ భాషలు అక్కడ మనుషులను కలిపే వంతెనలు కాలేదు, విడదీసే గోడలయ్యాయి. ఒక జాతివారిని మరొక జాతివారు అనుమానంతో చూసేవారు. అంగడిలో చిన్న మాటపట్టింపు వచ్చినా అది జాతుల కలహంగా మారేది. మనుషులంతా సోదరులని ఇంట్లో పెద్దలు నేర్పిన పాఠానికి, వీధిలో కంటపడే దృశ్యానికి పొంతన కుదరక ఆ బాలుడు మథనపడేవాడు. అందరికీ సమానంగా చెందిన ఒక భాష ఉంటే ఈ ద్వేషం కొంతైనా తగ్గుతుందనే తలపు ఆయన లేతమనసులో నాటుకొన్నది అప్పుడే.

తండ్రి మార్కుస్ భాషలు బోధించే ఉపాధ్యాయుడు, క్రమశిక్షణకు మారుపేరు. తల్లి రోజాలియా దయార్ద్ర హృదయ. తండ్రి నుండి భాషాజ్ఞానమూ, తల్లి నుండి కారుణ్యమూ ఆయనకు సంక్రమించాయి. 1873లో ఆ కుటుంబం వార్సా నగరానికి తరలి వెళ్లింది. అప్పటికే రష్యన్, యిడ్డిష్, పోలిష్, జర్మన్ భాషలు ఎరిగిన ఆ విద్యార్థి పాఠశాలలో లాటిన్, గ్రీకు భాషలను శ్రద్ధగా అభ్యసించాడు. ప్రాచీన భాషలలో ఒకదానికి తిరిగి ప్రాణం పోసి ప్రపంచ భాషగా చేయవచ్చునేమో అని మొదట తలపోశాడు. కాని ఆ భాషల వ్యాకరణం సామాన్యులకు అందని ద్రాక్షపండు. పైగా కొత్త కాలపు వస్తువులకు వాటిలో పేర్లు లేవు. ఏ ఒక్క దేశపు సజీవ భాషను ఎంచుకొన్నా ఆ దేశానికే ఆధిక్యం దక్కుతుంది; మిగిలిన జాతులు చిన్నబుచ్చుకొంటాయి. కనుక ఎవరికీ సొంతం కాని, అందరికీ సమీపమైన కొత్త భాషను నిర్మించడమే మార్గమని ఆయన నిశ్చయించుకొన్నాడు.

నిశ్చయం సులభం, నిర్మాణం దుష్కరం. ఇంగ్లీషు వ్యాకరణాన్ని నేర్చుకొన్నప్పుడు, విభక్తుల చిక్కులు, క్రియారూపాల గహనారణ్యం లేకుండానే భాష నడవగలదని ఆయనకు తెలిసింది. వ్యాకరణాన్ని కొద్దిపాటి సూత్రాలకు కుదించాడు. కాని పదజాలం ఆయన ముందు పర్వతంలా నిలిచింది. పెద్ద పెద్ద నిఘంటువులను చూస్తే గుండె జారిపోయేది. అన్ని వేల పదాలను ఎవరు కల్పించాలి? కల్పించినా ఎవరు నేర్వాలి? తొలుత అక్షరాలను ఇష్టం వచ్చినట్లు కూర్చి చిన్న చిన్న పదాలను అల్లాడు. అవి తక్కువ అక్షరాలతో ముచ్చటగా ఉన్నాయి. అయితే వాటిని కల్పించిన ఆయనకే అవి గుర్తుండేవి కావు. వేరు లేని మొక్క నిలవనట్లే, చరిత్ర లేని పదం మనసులో నిలవదని ఆ ప్రయోగం ఆయనకు నేర్పింది. అందుచేత ఐరోపా భాషలలో అప్పటికే ప్రాణంతో ఉన్న పదాల నుండి, ముఖ్యంగా లాటిన్ సంతతి భాషల నుండి, జర్మన్ వర్గపు భాషల నుండి ధాతువులను స్వీకరించాడు. ఎక్కువ భాషలలో కనిపించే పదానికి ఆయన ముందుపీట వేశాడు.

రెండవ చిక్కు వీధిలో విడిపోయింది. ఒకనాడు ఆయన దృష్టి దుకాణాలపై రష్యన్ భాషలో రాసిన బోర్డుల మీద పడింది. ద్వారపాలకుని గది, మిఠాయి అంగడి, రెండింటి పేర్లూ ఒకే ప్రత్యయంతో ముగుస్తున్నాయి. ఆ బోర్డులను ఆయన అంతకుముందు ఎన్నోసార్లు చూసినవాడే. ఆనాడు మాత్రం వాటిలోని రహస్యం బోధపడింది. ఒక ప్రత్యయం తెలిస్తే చాలు, ఒక పదం నుండి మరొక పదాన్ని ఎవరికి వారే నిర్మించుకోవచ్చు. వేల పదాలను కంఠస్థం చేయవలసిన పని లేదు. కొండంత నిఘంటువు ఒక్కసారిగా కరిగి చేతికందే పరిమాణానికి వచ్చినట్లయింది.

1878 డిసెంబరులో, చదువు ముగిసే దశలో, తన భాష తొలి రూపాన్ని ఆయన కొందరు సహాధ్యాయులకు పరిచయం చేశాడు. మిత్రులు ఇంట్లో బల్ల చుట్టూ చేరి, ఆ భాషలో పాట పాడి, వేడుక చేసుకొన్నారు. పాఠశాల విడిచిన తరువాత పెద్దల పరిహాసానికి వెరచి వారిలో చాలామంది దానికి దూరమయ్యారు. జామెన్‌హాఫ్ ఒంటరివాడయ్యాడు. 1879లో వైద్యవిద్య కోసం మాస్కో వెళ్లవలసివచ్చింది. ఈ పిచ్చి చదువుకు అడ్డు వస్తుందని భయపడిన తండ్రి ఆ రాతప్రతులను తన వద్ద దాచి ఉంచమన్నాడు. కుమారుడు లేని సమయంలో ఆయన వాటిని అగ్నికి ఆహుతి చేశాడని జామెన్‌హాఫ్ జీవితచరిత్రకారులు చెబుతారు. 1881లో యూదులపై దాడులు చెలరేగిన కాలంలో జామెన్‌హాఫ్ వార్సాకు తిరిగివచ్చాడు. ఏళ్ల తరబడి పడిన శ్రమ బూడిదైనా ఆయన కుంగిపోలేదు. మనసులో నిలిచిన దానితో మళ్లీ మొదలుపెట్టాడు.

ఆ తరువాతి ఆరేళ్లు ఆయన చేసింది పద పరీక్ష. ఇతర భాషల రచనలను తన భాషలోకి అనువదించాడు, సొంతంగా రచించాడు, ఆ భాషలోనే ఆలోచించడానికి అలవాటు పడ్డాడు. కాగితం మీద చక్కగా కనిపించిన పదాలు కొన్ని వాక్యంలో ఇమడలేదు. చెవికి ఇంపుగా లేనివి కొన్ని, ఒకదానితో ఒకటి తికమక పెట్టేవి కొన్ని తేలాయి. వాటిని నిర్దాక్షిణ్యంగా తొలగించాడు. పదానికి యోగ్యతను ఇచ్చేది పుట్టుక కాదు, వాడుక అని ఆయన గ్రహించాడు. ఈ గ్రహింపే తరువాతి కాలంలో ఎస్పెరాంటో నిఘంటువుకు పునాది రాయి అయింది.

వైద్యపట్టా పొందిన తరువాత 1885లో ఆయన లిథువేనియాలోని ఒక చిన్న ఊరిలో వైద్యవృత్తి ప్రారంభించాడు. రోగి మరణవేదన చూసి తట్టుకోలేని సున్నిత స్వభావం ఆయనది. అందుచేత సాధారణ వైద్యాన్ని విడిచి నేత్రవైద్యం వైపు మళ్లాడు. వియన్నాలో ఆ శాస్త్రాన్ని అభ్యసించాడు. మరొకవైపు తన పుస్తకాన్ని ముద్రించడానికి ప్రచురణకర్త కోసం గుమ్మం గుమ్మం తిరిగాడు. ఎవరూ ముందుకు రాలేదు. ఆ దశలో క్లారా సిల్బెర్నిక్ అనే యువతితో వివాహం నిశ్చయమైంది. ఆమె తండ్రి అలెగ్జాండర్ సిల్బెర్నిక్ కౌనాస్ నగరంలో సబ్బుల తయారీదారు. అల్లుని ఆశయాన్ని ఆయన గౌరవించాడు. వివాహ సందర్భంగా వచ్చిన ధనంలో కొంత పుస్తక ముద్రణకు ఖర్చు చేయడానికి క్లారా సంతోషంగా అంగీకరించింది. ఆ విధంగా 1887 జూలై 26న వార్సాలో ఆ చిన్న పుస్తకం రష్యన్ భాషలో వెలువడింది. కొద్ది రోజులకే వారి వివాహం జరిగింది. ఆమె జీవితాంతం ఆయన ఆశయంలో సహధర్మచారిణిగా నిలిచింది.

ఆ పుస్తకంపై రచయిత తన అసలు పేరు వేసుకోలేదు. డాక్టర్ ఎస్పెరాంటో అనే కలం పేరు పెట్టుకొన్నాడు. ఆ పదానికి ఆశపడేవాడు అని అర్థం. కాలక్రమంలో ఆ కలం పేరే భాషకు పేరైంది. వ్యాకరణం 16 సూత్రాలలో ముగిసింది. సుమారు 900 ధాతువులతో ఒక చిన్న పదపట్టిక ఉన్నది. అన్నిటినీ మించి ఆశ్చర్యం కలిగించే అంశం అందులో ఒకటున్నది. ఈ భాషపై తనకు ఏ హక్కూ లేదని, ఇది లోకానికి చెందిన ఆస్తి అని రచయిత ప్రకటించాడు. లోపాలుంటే తెలుపవలసిందిగా పాఠకులను కోరాడు. కోటి మంది మాట ఇస్తే తానూ ఈ భాష నేర్చుకొంటానని సంతకం చేసి పంపడానికి వీలుగా కొన్ని ప్రతిజ్ఞాపత్రాలను కూడా పుస్తకంలో చేర్చాడు. కోటి సంతకాలు రాలేదు. 1889లో ప్రకటించిన తొలి చిరునామాల పట్టికలో 1000 పేర్లు మాత్రమే ఉన్నాయి. అయితే కోటి మంది కోసం ఎదురుచూడకుండా భాష నేర్చిన ఆ వేయి మందే ఆయనకు కోటి అయ్యారు.

ఇంత చిన్న పదపట్టికతో భాష ఎలా నడుస్తుందన్న సందేహం సహజం. అక్కడే జామెన్‌హాఫ్ ప్రతిభ కనిపిస్తుంది. ఎస్పెరాంటోలో నామవాచకాలన్నీ ఓకారంతో, విశేషణాలన్నీ ఆకారంతో ముగుస్తాయి. సానా అంటే ఆరోగ్యవంతమైన అని అర్థం. దానికి ముందు వ్యతిరేకార్థాన్నిచ్చే మల్ అనే ఉపసర్గను చేర్చితే మల్‌సానా, అనగా జబ్బుపడిన అనే అర్థం వస్తుంది. మనిషిని సూచించే ఉల్ ప్రత్యయం చేర్చితే మల్‌సానులో, అనగా రోగి. స్థలాన్ని సూచించే ఎయ్ ప్రత్యయం కూడా తోడైతే మల్‌సానులేయో, అనగా రోగులుండే చోటు, ఆసుపత్రి. లేర్ని అంటే నేర్చుకోవడం. లేర్నేయో అంటే నేర్చుకొనే చోటు, అనగా బడి. విద్య, ఆలయం అనే పదాలు చేరి విద్యాలయం అయినట్లే ఇదీను. ఒక్క ధాతువు తెలిసినవాడు పది పదాలకు యజమాని అవుతాడు. ఈ విధంగా నియమం ప్రకారం పుట్టిన పదానికి ఎవరి అనుమతీ అవసరం లేదు. అది పుట్టిన క్షణంలోనే భాషలో పౌరసత్వం పొందుతుంది. అనుమతి ప్రశ్న కొత్త ధాతువు విషయంలోనే తలెత్తుతుంది.

కొత్త ధాతువులకు కూడా ఆయన ఒక ద్వారం తెరిచి ఉంచాడు. అనేక భాషలు ఒకే మూలం నుండి గ్రహించిన అంతర్జాతీయ పదాలను ఎస్పెరాంటో లిపికి అనుగుణంగా మార్చుకొని వాడుకోవచ్చునని 15వ సూత్రం చెబుతుంది. అయితే ఒక మూలపదం నుండి పుట్టిన పిల్లపదాలను కూడా బయటి నుండి తెచ్చుకోనవసరం లేదని, మూలపదాన్ని మాత్రమే తీసుకొని మిగిలిన వాటిని భాష నియమాల ప్రకారం ఇక్కడే నిర్మించుకోవడం మేలని ఆ సూత్రమే హద్దు గీసింది. నాటకశాలకు తేయాత్రో అనే పదం తీసుకొంటే, నాటకశాలకు సంబంధించిన అనే అర్థానికి వేరొక విదేశీ పదం అక్కరలేదు. తేయాత్రా అంటే సరిపోతుంది. అతిథిని ఆదరించాలి, అతని వెంట వచ్చే పరివారమంతటికీ ఇల్లు అప్పగించనక్కరలేదు.

ఆ కాలంలో మరొక నిర్మిత భాష ఐరోపాలో ప్రచారంలో ఉండేది. దాని పేరు వోలప్యూక్. జర్మనీ దేశపు మతాచార్యుడు యోహాన్ మార్టిన్ ష్లేయర్ దానిని ఎస్పెరాంటోకు కొన్నేళ్లు ముందే రూపొందించాడు. ఆ భాషకు సంఘాలు, పత్రికలు, మహాసభలు ఏర్పడ్డాయి. అయితే పదాల విషయంలోనూ, వ్యాకరణం విషయంలోనూ తుది నిర్ణయం తనదేనని ష్లేయర్ పట్టుబట్టాడు. భాష కోసం ఏర్పడిన పండితసభకు, ఆయనకు మధ్య వైరం ముదిరింది. మార్పులు కోరినవారు తలా ఒక దారి పట్టారు. 1889లో పారిస్‌లో జరిగిన మూడవ మహాసభ తరువాత ఆ ఉద్యమం త్వరితంగా క్షీణించింది. న్యూరెంబర్గ్ నగరంలోని వోలప్యూక్ సంఘం అంతకు ముందే ఎస్పెరాంటో వైపు మళ్లింది. తండ్రి పిడికిలి విప్పని బిడ్డ నడక నేర్వలేదన్న సత్యం జామెన్‌హాఫ్ కళ్ల ముందే రుజువైంది.

ఆ సత్యం ఆయనకూ పరీక్ష పెట్టింది. 1889లో న్యూరెంబర్గ్ నుండి ఎస్పెరాంటో భాషలో తొలి పత్రిక వెలువడసాగింది. భాషలో ఆ అక్షరం మార్చాలని, ఈ ప్రత్యయం తొలగించాలని ఉత్తరాలు వెల్లువెత్తాయి. 1894లో ఆయన స్వయంగా ఒక సంస్కరణ ప్రణాళికను రూపొందించి పత్రిక చందాదారుల ముందుంచాడు. ఓటు ద్వారా నిర్ణయించవలసిందిగా కోరాడు. అధిక సంఖ్యాకులు భాషను ఉన్నది ఉన్నట్లుగానే ఉంచాలని తీర్పు చెప్పారు. నిర్మాత ప్రతిపాదనను వాడుకదారులు తిరస్కరించారు. ఆయన ఆ తీర్పును శిరసావహించాడు. ఎస్పెరాంటో ఒక వ్యక్తి రచనగా కాక ఒక సమాజపు భాషగా నిలబడిన రోజులవి. ఆ కాలంలోనే ఆయన సంకలనం చేసిన ఉనివెర్సాలా వోర్తారో అనే నిఘంటువు ప్రచురితమైంది. సుమారు 2600 ధాతువులకు ఫ్రెంచి, ఇంగ్లీషు, జర్మన్, రష్యన్, పోలిష్ భాషలలో అర్థాలు అందులో ఉన్నాయి. 1887 నాటి పట్టికతో పోలిస్తే ధాతువుల సంఖ్య దాదాపు మూడింతలైంది.

భాష పెరుగుతున్నా ఆయన ఇల్లు మాత్రం గడవలేదు. బతుకుతెరువు కోసం ఖెర్సోన్, గ్రోద్నో మొదలైన పట్టణాలకు తిరిగాడు. చివరకు వార్సాలో పేదలు నివసించే పేటలో కంటి వైద్యశాల తెరిచాడు. కష్టజీవులైన రోగుల నుండి ఆయన తీసుకొన్న రుసుము స్వల్పం. ఇవ్వలేనివారి వద్ద అదీ లేదు. పగలంతా మసకబారిన కళ్లకు వెలుగునిచ్చే ప్రయత్నం. రాత్రి దీపం ముందు కూర్చుండి అనువాదాలు, ఉత్తరాలు. 1894లో షేక్‌స్పియర్ హామ్లెట్ నాటకానికి ఆయన చేసిన అనువాదం వెలువడింది. తరువాత గొగోల్, షిల్లర్, గోథే, మోలియర్ల నాటకాలను, ఆండర్సన్ కథలను అనువదించాడు. కొత్త భాష గంభీరమైన భావాన్ని మోయగలదా అని శంకించిన వారికి ఇవే సమాధానాలు. సూత్రాలు చెప్పలేని సూక్ష్మాలను సాహిత్యం చెబుతుంది. పదానికి అర్థం నిఘంటువులో దొరికినా, దాని మర్యాద రచనలోనే తెలుస్తుంది.

1905 ఆగస్టులో ఫ్రాన్సు సముద్రతీరంలోని బులోన్ పట్టణంలో ఎస్పెరాంటో ప్రథమ ప్రపంచ మహాసభ జరిగింది. 20 దేశాల నుండి సుమారు 700 మంది వచ్చారు. అంతవరకు ఉత్తరాలలో మాత్రమే కలుసుకొన్నవారు మొదటిసారిగా ముఖాముఖిగా మాట్లాడుకొన్నారు. దుబాసీ అవసరం లేకుండానే ఒకరినొకరు అర్థం చేసుకొన్నారు. ఆ ఏడాదే ఫుందమెంతో, అనగా పునాది అనే గ్రంథం వెలువడింది. ముందుమాట, 16 సూత్రాల వ్యాకరణం, అభ్యాసాలు, ఉనివెర్సాలా వోర్తారో నిఘంటువు అందులోని భాగాలు. ఆ పునాదిని ఎవరూ, చివరకు భాషను నిర్మించిన తాను సైతం, మార్చరాదని జామెన్‌హాఫ్ ముందుమాటలో శాసనం చేసుకొన్నాడు. బులోన్ మహాసభ ఆ పునాదిని ఆమోదించింది.

పునాది కదలరాదంటే భాష ఎదగరాదని అర్థం కాదు. పునాది కదలకపోతేనే మేడ పైకి లేస్తుంది. ఆ ముందుమాటలో కొత్త పదాలకు ఆయన నిర్దేశించిన దారి ఎంతో వివేకవంతమైనది. నిఘంటువులో లేని భావానికి కొత్త పదం కావలసివస్తే రచయిత ఎవరైనా దానిని ప్రయోగించవచ్చు. కాని ఆ ప్రయోగం ఆయన సొంతం. ఎవరిపైనా నిర్బంధం కాదు. అది పలువురి కలాలకెక్కి నిలదొక్కుకొన్నప్పుడు, అధికారం గల సంస్థ దానిని అధికారిక అనుబంధంలో చేర్చుతుంది. పునాదిలోని పదాన్ని మాత్రం చెరిపివేయరాదు. దానికంటే మేలైన కొత్త పదం వస్తే రెండూ పక్కపక్కనే ఉంటాయి. కాలం గడిచేకొద్దీ పాతపదం తనంత తానుగా వెనుకబడి ప్రాచీన ప్రయోగంగా మిగులుతుంది. పాతదాన్ని నేర్చినవాడు నష్టపోడు. కొత్తదాన్ని కోరేవాడు నిరాశపడడు. సహజ భాషలలో శతాబ్దాల తరబడి జరిగే పరిణామాన్నే ఆయన నిర్మిత భాషకు ధర్మంగా విధించాడు.

ఈ ధర్మాన్ని కాపాడడానికి 1905లోనే ఒక భాషాసంఘం ఏర్పడింది. అదే తరువాత ఎస్పెరాంటో అకాడమీగా రూపొందింది. ఇంతలో పెద్ద గాలివాన వచ్చింది. 1907లో పారిస్‌లో సమావేశమైన ఒక సంఘం ఎస్పెరాంటోను సంస్కరించాలని సంకల్పించింది. తత్త్వవేత్త లూయీ కుతురా అందుకు సారథి. ఆ ప్రయత్నం నుండి ఇడో అనే మరొక భాష పుట్టింది. ప్రముఖులు కొందరు అటు వెళ్లిపోయారు. మిత్రులు అనుకొన్నవారే దూరమైన ఆ సంఘటన జామెన్‌హాఫ్‌ను మిక్కిలి బాధించింది. అయినా ఆయన చలించలేదు. సామాన్య ఎస్పెరాంటో అభిమానులలో అత్యధికులు పునాదినే నమ్ముకొన్నారు. 1909లో తొలి అధికారిక అనుబంధం వెలువడింది. అప్పటికి వాడుకలో స్థిరపడిన అనేక ధాతువులకు అందులో స్థానం లభించింది. ఆ పరంపరలో తొమ్మిదవ అనుబంధం 2007లో వచ్చింది. అకాడమీ ఎన్నడూ పదాలకు పుట్టినిల్లు కాలేదు. వాడుకలో పుట్టి పెరిగిన పదానికి రాజముద్ర వేయడమే దాని పని.

ఆ రాజముద్ర లేని పదాలకు కూడా నిఘంటువులో చోటు ఉన్నది. 1970లో పారిస్‌లో ప్రచురితమైన ప్లేనా ఇలుస్త్రీతా వోర్తారో అనే సచిత్ర మహానిఘంటువు అందుకు నిదర్శనం. గాస్తోన్ వారెంగియాన్ దానికి సంపాదకత్వం వహించాడు. పునాదిలోని ధాతువుకు నక్షత్రపు గుర్తు, అనుబంధంలో చేరిన ధాతువుకు ఆ అనుబంధపు సంఖ్య అందులో కనిపిస్తాయి. ఏ గుర్తూ లేని పదాలు వాడుక బలంతో మాత్రమే చోటు సంపాదించినవి. పుట చూడగానే పదం ఎంత మెట్టు ఎక్కిందో పాఠకునికి తెలిసిపోతుంది.

పదాలపై వాదోపవాదాలు కూడా సాగుతూనే ఉన్నాయి. హంగేరీ కవి, వైద్యుడు కాల్మాన్ కాలోచాయ్ వంటివారు ఛందస్సు కోసం పొట్టి పదాలను కోరుకొన్నారు. మల్‌లోంగా అనే నిర్మితపదానికి బదులు కుర్తా, మల్‌ఫోర్తాకు బదులు ఫెబ్లా వంటివి కవిత్వంలోకి వచ్చాయి. నేర్చుకొనేవారికి ఈ కొత్త ధాతువులు భారమని, ఉన్న ధాతువులతోనే పదాలు కట్టుకోవడం భాష ప్రాణమని స్విట్జర్లండుకు చెందిన క్లోద్ పిరోన్ 1989లో ఒక గ్రంథమే రచించాడు. ఇరుపక్షాలలోనూ న్యాయం ఉన్నది. తీర్పు మాత్రం ఎప్పటిలాగే వాడుకదే. గణనయంత్రం లోకంలోకి వచ్చినప్పుడు దానికి ఇతర భాషల పేర్లను అనుసరించి కొంపుతోరో, కొంపుతేరో వంటి పలు రూపాలు పోటీపడ్డాయి. చివరకు లెక్కించు అనే ధాతువుకు పనిముట్టును సూచించే ఇల్ ప్రత్యయం చేర్చిన కొంపుతీలో గెలిచింది. ఏ సభా దానిని శాసించలేదు. కత్తికి, కలానికి అన్వయించిన సూత్రమే కంప్యూటరుకూ అన్వయించింది. 1887 నాటి ప్రత్యయం నిర్మాత ఊహించని యంత్రానికి పేరు పెట్టగలిగింది.

జామెన్‌హాఫ్ చివరి సంవత్సరాలు విషాదభరితాలు. 1906 జూన్‌లో ఆయన జన్మస్థలమైన బియాలిస్తోక్‌లోనే యూదులపై ఘోరమైన మారణకాండ జరిగింది. ఆ ఏడాది జెనీవా మహాసభలో ఆయన ఆ దారుణాన్ని తలచుకొని ఆవేదనతో ప్రసంగించాడు. 1912లో క్రాకోవ్ మహాసభలో ఉద్యమ నాయకత్వానికి సంబంధించిన గౌరవస్థానం నుండి స్వచ్ఛందంగా తప్పుకొన్నాడు. ఒక వ్యక్తి చుట్టూ భాష తిరగరాదన్నదే ఆయన భావం. 1914లో పారిస్ మహాసభకు బయలుదేరగా దారిలోనే మొదటి ప్రపంచయుద్ధం విరుచుకుపడింది. జర్మనీలో చిక్కుకొని, చుట్టుదారులలో నానా అగచాట్లు పడి భార్యతో ఇల్లు చేరాడు. గుండెజబ్బు ముదిరినా కలం విడువలేదు. 1915 నాటికి పాత నిబంధన అనువాదాన్ని పూర్తిచేశాడు. అది 1926లో అచ్చయింది. జాతులు పరస్పరం సంహరించుకొంటున్న వేళ, 1917 ఏప్రిల్ 14న, వార్సాలో ఆయన తుదిశ్వాస విడిచాడు. అప్పటికి ఆయన వయస్సు 57 సంవత్సరాలు.

ఆయన సంతానం ఆడమ్, జోఫియా, లిడియా. రెండవ ప్రపంచయుద్ధ కాలంలో ఆ ముగ్గురూ నాజీల చేతిలో ప్రాణాలు కోల్పోయారు. ఆడమ్‌ను 1940లో కాల్చిచంపారు. కుమార్తెలిద్దరూ 1942లో త్రెబ్లింకా మృత్యుశిబిరంలో హతులయ్యారు. ద్వేషాన్ని తొలగించాలని జీవితమంతా తపించిన మనిషి వంశాన్ని ద్వేషమే బలిగొన్నది. భాష మాత్రం బతికింది. 1954లో మాంటెవిడియో నగరంలో జరిగిన యునెస్కో మహాసభ ఎస్పెరాంటో సాధించిన ఫలితాలు తన ఆశయాలకు అనుగుణంగా ఉన్నాయని తీర్మానించింది. జామెన్‌హాఫ్ కోరినట్లు అది లోకంలోని ప్రతి ఒక్కరికీ రెండవ భాష కాలేదు. అయినా అనేక దేశాలలో దానిని మాట్లాడేవారు, అందులో రచించేవారు ఉన్నారు. ఆ భాషనే ఉగ్గుపాలతో నేర్చిన బిడ్డలూ ఉన్నారు.

భాషను నిర్మించడం మేధస్సుకు సంబంధించిన పని. నిర్మించిన భాషను ఇతరుల చేతిలో పెట్టి తాను పక్కకు తప్పుకోవడం హృదయానికి సంబంధించిన పని. జామెన్‌హాఫ్ రెండూ చేశాడు. తన పేరు బలంతో ఒక పదాన్ని నిలబెట్టగల స్థానంలో ఉండి కూడా, పదం తన బలంతో తానే నిలబడాలని ఆయన కోరుకొన్నాడు. పదిమంది నోట నలిగి, పది రచనలలో మెరిసి, కాలపరీక్షకు నిలిచిన పదానికే నిఘంటువు తలుపు తెరుస్తుంది. ఆ తలుపు తాళంచెవిని ఆయన తన నడుముకు కట్టుకోలేదు. తన భాష మాట్లాడే ప్రతి మనిషి చేతిలో ఉంచి వెళ్లాడు.